కోతల కాలంలో కారే ముక్కు, దురద పెట్టే కళ్ళు

మిర్యాలగూడ దగ్గరి ఒక పల్లె నుంచి ఒక రైతు అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ఆయన భార్యకు 31 ఏళ్ళు. వానాకాలం వరి కోతలు మొదలైన నాటి నుంచి కొనుగోలు కేంద్రంలో ధాన్యం లారీ ఎక్కేదాకా ఆమెకు తెల్లవారుజామున పది పదిహేను తుమ్ములు, ముక్కు నుంచి నీళ్ళు కారడం, రాత్రిళ్ళు ముక్కు దిబ్బడ ఉంటాయి. వాటితోపాటు రెండు కళ్ళూ ఎర్రబడి భరించలేని దురద పెడతాయి. యాసంగి కోతల్లో మళ్ళీ ఇదే తంతు. ముక్కుకు ఒక డాక్టరును, కళ్ళకు మరొక డాక్టరును చూపించారు. ఇద్దరూ ఎవరి మందులు వారు రాశారు, రెండోదాని గురించి ఎవరూ మాట్లాడలేదు. పదేళ్ళ కొడుకు కూడా ఏడాదిలో చాలా నెలలు కళ్ళు నలుపుకుంటూనే ఉంటాడు, ఎండాకాలంలో మరీ ఎక్కువ. మందుల దుకాణంలో ఇచ్చిన చుక్కలు వేస్తే ఒక్క పూటలో తగ్గుతుంది, ఆపిన వారానికే తిరగబెడుతుంది. "ముక్కు రోగం, కంటి రోగం వేరువేరా, ఒకటేనా? పిల్లవాడికి ఆ చుక్కలు ఎన్నాళ్ళు వేయవచ్చు?" అన్నవి ఆయన అడిగిన రెండు ప్రశ్నలు.

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అందులో ఆలస్యం పనికిరాదు. ఒక్క పూటలో అంత బాగా తగ్గించే చుక్కల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. సీసా మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లలో ఏదైనా ‘సోన్’ అనో ‘లోన్’ అనో ముగిస్తే, అంటే డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్ వంటివి కనిపిస్తే, లేదా లోటెప్రెడ్నాల్ అని ఉంటే, అది స్టెరాయిడే. తరచుగా దానికి ఒక యాంటీబయాటిక్ కూడా కలిపి ఉంటుంది కాబట్టి అమ్మేవారు ‘ఇన్ఫెక్షన్ మందు’ అని చెప్పి ఇస్తారు. మీ సీసా ఇటువంటిదైతే సొంతంగా మరో సీసా కొనవద్దు; ఈ వారంలోనే పిల్లవాడిని కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళి కంటిలోని ఒత్తిడి కొలిపించండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

ఇక మొదటి ప్రశ్న. మీ భార్య విషయంలో ముక్కు రోగం, కంటి రోగం ఒకటే. నేను ముక్కు, చెవి, గొంతు వైద్యుడిగా మహబూబ్‌నగర్‌లో కొంతకాలం, ఆ తరువాత నల్లగొండలో, మొత్తం ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. మొదటి ఎనిమిది తొమ్మిదేళ్ళు నేను కూడా మీరు చూసిన డాక్టర్ల లాగానే ఉన్నాను: తుమ్ముల గురించి వివరంగా అడిగేవాడిని, ముక్కులో లైటు వేసి చూసేవాడిని, కళ్ళు ఎర్రగా కనిపిస్తే ‘అది కంటి డాక్టరుకు చూపించుకోండి’ అని పంపేవాడిని. ముక్కు అలర్జీ ఉన్నవారిలో సగానికి పైగా కంటి బాధ కూడా ఉంటుందని పుస్తకాల్లో చదివినవాడినే. అయినా అడగకపోవడానికి కారణం మా శాఖల మధ్య గీసుకున్న గీత తప్ప రోగి శరీరంలో ఉన్న గీత కాదు. రోగులు కూడా చెప్పరు; ముక్కు డాక్టరు దగ్గర కంటి సంగతి ఎత్తితే బాగుండదేమో అనుకుంటారు.

ఈ రోగాన్ని వైద్య పత్రికలో మొదటిసారి స్పష్టంగా వర్ణించినది 1819లో లండన్ వైద్యుడు జాన్ బోస్టాక్. ఆయన వర్ణించినది తన సొంత రోగాన్నే: ప్రతి వేసవిలో ముందుగా కళ్ళలో వేడి, ఎరుపు, దురద, నీళ్ళు; ఆ తరువాత తుమ్ములు, ఆయాసం. ఆ వ్యాసం శీర్షికలో కళ్ళు, ఛాతీ అన్న మాటలున్నాయి గాని ముక్కు అన్న మాట లేదు. అంటే ఇవాళ మనం ముక్కు అలర్జీ అని పిలుస్తున్నది వైద్యశాస్త్రంలోకి కంటి రోగంగానే అడుగుపెట్టింది.

రెండింటినీ కలిపే దారులు ఒకటి కాదు, నాలుగు ఉన్నాయి. వాటిలో మొదటిది అందరికీ తెలిసినదే. వరి దుమ్ములోని బూజు రేణువో, గడ్డి పుప్పొడో కొందరి శరీరానికి శత్రువులా కనిపిస్తుంది. దానికి ఎదురుగా ఐజీఈ అనే ప్రత్యేకమైన ప్రతిరక్షకం తయారై, మాస్ట్ కణాలు అనే కాపలా కణాల మీద ఎక్కి కూర్చుంటుంది. ఈ మాస్ట్ కణాలు ముక్కు లోపలి పొరలో ఉన్నట్టే, రెప్ప లోపలి గులాబీ రంగు పొరలో, తెల్లగుడ్డును కప్పిన పలుచని పొరలో కూడా దట్టంగా ఉంటాయి. అదే రేణువు మళ్ళీ తగిలితే కొన్ని నిమిషాల్లో ఆ కణాలు పగిలి హిస్టమిన్ చిమ్ముతాయి. దురద, నీళ్ళు, ఎరుపు, వాపు అన్నీ దాని పనే. నాలుగు నుంచి ఎనిమిది గంటల తరువాత ఇంకో రకం కణాలు అక్కడికి చేరి రెండో విడత వాపు తెస్తాయి. పగలు కల్లంలో పనిచేసి సాయంత్రం స్నానం చేసి, హాయిగా ఉంది అనుకున్న మనిషికి రాత్రి ముక్కు బిగుసుకుపోవడం ఈ రెండో విడత వల్లే. గాలి ఒకటే కాబట్టి, అందులోని రేణువు ముక్కుకు తగిలినట్టే తెరిచి ఉన్న కంటికీ తగులుతుంది. పైగా ముక్కుకు వెంట్రుకలున్నాయి, కంటికి ఆ పాటి జల్లెడ కూడా లేదు.

రెండో దారి కన్నీటి గొట్టం. కంటి లోపలి మూలలో, పై రెప్పకూ కింది రెప్పకూ ఒక్కొక్క చిన్న రంధ్రం ఉంటుంది. కన్నీరు అక్కడి నుంచి ఒక సన్నని గొట్టం ద్వారా ముక్కులోకి దిగుతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కారడం, కంట్లో చుక్కలు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగలడం ఈ గొట్టం ఉందనడానికి రుజువులు. కంట్లో పడిన దుమ్మూ, అక్కడ పుట్టిన హిస్టమిన్, అన్నీ కన్నీటితో ముక్కులోకి జారుతాయి. మూడోది దీనికి తోడు: ముక్కు లోపలి పొర వాచినప్పుడు ఆ గొట్టం నోరు మూసుకుపోయి కన్నీరు దిగక చెంపల మీదికి పొంగుతుంది, కంటి చుట్టూ ఉన్న సన్నని సిరల నుంచి రక్తం వెనక్కి వెళ్ళడం మందగిస్తుంది. అలర్జీ పిల్లల కళ్ళ కింద కనిపించే నల్లని వలయాలు నిద్ర చాలక వచ్చినవని, రక్తం తక్కువై వచ్చినవని తల్లులు అనుకుంటారు. చాలామందిలో అవి ముక్కు దిబ్బడ వల్ల నిలిచిపోయిన రక్తపు నీడలు.

నాలుగో దారి అన్నిటికంటే ముఖ్యమైనది, అన్నిటికంటే తక్కువ మందికి తెలిసినది కూడా. అది నాడుల దారి. పాతకాలంలో ముక్కుపొడి పీల్చే తాతలను గుర్తుచేసుకోండి: పొడి వెళ్ళింది ముక్కులోకి, నీళ్ళు వచ్చింది కళ్ళలో. ముక్కులో వెంట్రుక పీకినా అంతే. ముక్కు లోపలి పొర రేగితే ఆ కబురు ఐదో కపాల నాడి ద్వారా మెదడు కాండానికి చేరి, అక్కడి నుంచి ఏడో కపాల నాడి గుండా కన్నీటి గ్రంథికీ, కంటి పొరకూ తిరిగి వస్తుంది. దీన్ని పరీక్షించడానికి పరిశోధకులు అలర్జీ ఉన్నవారికి ఒకే ఒక నాసికారంధ్రంలో పుప్పొడి సారం చల్లి చూశారు. కంటికి ఏమీ తగలలేదు, అయినా కళ్ళు దురద పెట్టి నీరు కార్చాయి, అది కూడా చల్లిన వైపు ఒక్కటే కాదు, రెండో వైపున కూడా. ముందుగా ముక్కులో అలర్జీ మందు చల్లి అదే ప్రయోగం చేసినప్పుడు కంటి బాధ తగ్గింది. ఈ ఒక్క సంగతి మీద నా వైద్యం మారిపోయింది. కంటి దురదకు మందు సగం ముక్కులోనే పెట్టాలి అని నేను రోగులకు చెప్పడం అప్పటి నుంచి మొదలైంది.

మీ భార్యకు కోతల కాలంలోనే ఎందుకు వస్తుందో చూద్దాం. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాల్లో సాగర్ ఎడమ కాలువ కింద పండే వరి అంతా దాదాపు ఒకే సమయంలో కోతకు వస్తుంది. హార్వెస్టరు వెనుక లేచే దుమ్ము, కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి దిగేదాకా రోజుల తరబడి ధాన్యం నేర్పడం, తాలు పోవడానికి తూర్పార పట్టడం, ఆ తరువాత మిల్లుల చుట్టూ ఎగిరే ఊక, చివరికి పొలాల్లో కాల్చే కొయ్యకాళ్ళ పొగ, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి వస్తాయి. వరి దుమ్ము అంటే ఉత్త మట్టి కాదు. అందులో గింజ నూగు, బూజు రేణువులు, నిల్వ ధాన్యంలో బతికే కంటికి కనిపించని నల్లులు (మంచాల్లో కుట్టేవి కావు, మైట్లు అనేవి), గడ్డి పుప్పొడి కలిసి ఉంటాయి. పొగ మాత్రం అలర్జీ కారకం కాదు, మంట పెట్టేది. కానీ అప్పటికే రేగి ఉన్న పొర మీద అది నిప్పు మీద ఆజ్యమే. ఇంకో విషయం: ఒకే రేణువు రోజూ తగులుతుంటే పొర మరింత సున్నితమవుతుంది. మొదటి రోజు సాయంత్రం దాకా కల్లంలో ఉంటే గాని రాని తుమ్ములు, పదో రోజుకు ఒక్క ఖాళీ బస్తా దులిపినా వస్తాయి. మీరు గమనించే ఉంటారు. అందుకే మందు రోగం ముదిరాక కాక, ముందే మొదలుపెట్టాలి అంటాం.

పాలమూరు వైపు మెట్ట భూముల్లో నేను చూసిన తీరు కొంత వేరు. అక్కడ పత్తి ఏరే కాలంలోని దుమ్ము, సర్కారు తుమ్మ పుప్పొడి, వానలు పడ్డాక గట్ల మీద, ఖాళీ స్థలాల్లో తెల్లగా పూసే వయ్యారిభామ ఎక్కువగా కనిపించేవి. 1950లలో పుణె పరిసరాల్లో గుర్తించిన ఈ మొక్క ఇవాళ మన ప్రతి ఊరి దారి పక్కనా ఉంది. చేతులకు, మెడకు దద్దుర్లు తెచ్చే మొక్కగానే దానికి పేరు గాని, ముక్కుకూ కళ్ళకూ కూడా అది చెరుపే. పీకదలచినవారు పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకాలి. ఇక ఏడాది పొడవునా బాధ ఉన్నవారికి కారణం ఎక్కువగా ఇంట్లోనే ఉంటుంది: పరుపుల్లో, మెత్తల్లో, బొంతల్లో ఉండే దుమ్ము నల్లులు, గోడల చెమ్మ మీది బూజు, బొద్దింకలు.

అన్ని ఎర్ర కళ్ళూ అలర్జీ కళ్ళు కావు. గుర్తుపెట్టుకోవలసిన ఒకే మాట దురద. దురద లేదంటే అది అలర్జీ కాకపోవడానికే అవకాశం ఎక్కువ. అలర్జీలో సాధారణంగా రెండు కళ్ళూ ఒకేసారి బాధిస్తాయి, నీరు పలుచగా కారుతుంది, లేదా తీగలా సాగే తెల్లని పుసి వస్తుంది. కళ్ళకలకలో చాలాసార్లు ముందు ఒక కన్ను, ఒకటి రెండు రోజులకు రెండోది ఎర్రబడతాయి. గరగరగా ఇసుక పడినట్టు ఉంటుంది, తెల్లారేసరికి రెప్పలు అంటుకుపోతాయి, ఇంట్లో ఒకరి తరువాత ఒకరికి సోకుతుంది. 2023 వానాకాలంలో మన జిల్లాల్లో బడి పిల్లలకు విరివిగా వచ్చినది ఈ రెండో రకం. ఆ ఏడు అలర్జీ పిల్లలను కూడా కళ్ళకలక అని బడి మాన్పించారు, కళ్ళకలక ఉన్నవారికి అలర్జీ చుక్కలు వేశారు. ఉల్లిగడ్డ కోసినట్టు మంటే తప్ప దురద లేకుండా, కన్ను పొడిబారినట్టు ఉంటే అది కన్నీటి లోపం కావచ్చు. సెల్‌ఫోన్ ఎక్కువగా చూసేవారిలోనూ, పాతరకం సర్ది మాత్రలు రోజుల తరబడి మింగేవారిలోనూ ఇది వస్తుంది.

చికిత్సకు వస్తే, మీ భార్యకు ముక్కులో చల్లుకునే స్టెరాయిడ్ స్ప్రే వెన్నెముక వంటిది. మొమెటాసోన్, ఫ్లూటికాసోన్ వంటివి. ఇక్కడ మీకు అనుమానం రావాలి: పిల్లవాడి కంటి చుక్కల్లో స్టెరాయిడ్ ప్రమాదమని పైన చెప్పిన మనిషే ఇక్కడ స్టెరాయిడ్ వాడమంటున్నాడేమిటని. తేడా మందు పేరులో కాదు, అది పడే చోటులో ఉంది. కంటి చుక్క నేరుగా కంటి లోపలికి ఇంకి, అక్కడి ద్రవం బయటకు పోయే జల్లెడను మూసివేయగలదు. ముక్కు స్ప్రే ముక్కు పొర మీదే పనిచేసి, ఈ కొత్త మందుల్లో నూటికి ఒక వంతు కంటే తక్కువే రక్తంలోకి చేరుతుంది. ఆ స్ప్రే తుమ్ములతోపాటు కంటి దురదను కూడా తగ్గిస్తుందని అనేక పరీక్షల్లో తేలింది. పైన చెప్పిన నాడుల దారిని అది మొదట్లోనే మూయడం అందుకు ఒక కారణం. అయినా నెలల తరబడి వాడేవారు, ఇంట్లో ఎవరికైనా నీటికాసుల రోగం (కంటి ఒత్తిడి పెరిగి చూపు పోగొట్టే గ్లకోమా) ఉన్నవారు ఏడాదికోసారి కంటి ఒత్తిడి చూపించుకోవాలి.

స్ప్రే పనిచేయలేదని నా దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమంది దాన్ని తప్పుగా కొట్టుకున్నవారే. తల వెనక్కి వాల్చి, గట్టిగా పీల్చి, గొంతులో చేదు తగిలాక ‘పడింది’ అనుకుంటారు, పడింది గొంతులో. ముందు ముక్కు మెల్లగా చీది శుభ్రం చేసుకోవాలి, తల కొంచెం ముందుకు వంచాలి, కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో కొట్టుకోవాలి, మొన మధ్య దూలం వైపు కాక అదే వైపు చెవి దిశగా ఉండాలి, మామూలుగా ఊపిరి తీసుకుంటే చాలు. చేతులు మార్చమనడం చాదస్తం కాదు; కుడి చేత్తో కుడి ముక్కులో కొడితే మొన దూలానికి తగిలి, కొన్నాళ్ళకు పుండై రక్తం వస్తుంది. రెండోది ఓపిక. ఇది జండూబామ్ కాదు, పూసిన వెంటనే తెలియడానికి. కొన్ని రోజుల్లో పని మొదలుపెట్టి, రెండు వారాలకు పూర్తి బలం చూపుతుంది. మూడు రోజులు కొట్టి ‘ఉపయోగం లేదు’ అని మానేసినవారే ఎక్కువ. కోతలు ఎప్పుడో మీకు నాకంటే బాగా తెలుసు; ఆ తేదీకి రెండు వారాల ముందు మొదలుపెట్టి, ధాన్యం ఇల్లు వదిలేదాకా రోజూ వాడాలి, బాగున్న రోజున కూడా.

ముక్కు దిబ్బడకు దుకాణంలో అడగగానే ఇచ్చే చుక్కలు వేరే రకం. జైలోమెటాజోలిన్, ఆక్సిమెటాజోలిన్ అని రాసి ఉంటుంది. నిమిషాల్లో ముక్కు విప్పుతాయి, అందుకే జనానికి ప్రీతి. ఐదు రోజులు దాటితే అవే దిబ్బడ తెస్తాయి. మోతాదు పెరుగుతూ పోతుంది, చివరికి ఆ సీసా దిండు కింద లేకపోతే నిద్రపట్టని స్థితి వస్తుంది. దేవరకొండ వైపు ఒక లారీ డ్రైవరు ఏడేళ్ళు అలా వాడాడు. ఎరుపు పోగొట్టే కంటి చుక్కల్లోనూ ఇదే జాతి మందు ఉంటుంది, ఫలితమూ అదే.

కంటికి నేరుగా వేయడానికి సురక్షితమైన చుక్కలు ఉన్నాయి. ఒలోపటడిన్, కీటోటిఫెన్, బెపోటాస్టిన్, ఆల్కాఫ్టడిన్ వంటివి హిస్టమిన్‌ను అడ్డుకుంటాయి, మాస్ట్ కణాలు పగలకుండానూ చూస్తాయి. ఇవి స్టెరాయిడ్ అంత వేగంగా మెరుపు చూపించవు గాని, నెలల తరబడి వాడినా కంటిని చెడగొట్టవు. ఒలోపటడిన్ బలాన్ని బట్టి రోజుకు ఒకసారో రెండుసార్లో వేస్తారు. చుక్క వేశాక కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో ఒక నిమిషం నొక్కి పట్టండి. పైన చెప్పిన కన్నీటి గొట్టం మూసుకుని మందు గొంతులోకి జారకుండా కంటిలోనే ఉంటుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్య ఐదు నిమిషాలు ఆగాలి.

మాత్రల్లో సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ చవక, మంచివి, అయితే కొందరికి మత్తు తెస్తాయి. ట్రాక్టరు, హార్వెస్టరు నడిపేవారికి ఫెక్సోఫెనడిన్ మేలు. నల్లగొండవారికి మాత్రం ఒక హెచ్చరిక: ఫెక్సోఫెనడిన్‌ను బత్తాయి రసంతో మింగకూడదు. బత్తాయి, ఆపిల్ వంటి పండ్ల రసాలు ఆ మందు పేగులో ఇంకకుండా అడ్డుకుంటాయి. మంచినీళ్ళతో మింగి, రసం వేరే పూట తాగండి. మాంటెలుకాస్ట్ కలిపిన మాత్రలు మన దగ్గర ప్రతి తుమ్ముకూ రాసేస్తున్నారు. నిద్రలో ఉలిక్కిపడటం, చిరాకు, దిగులు వంటి మానసిక మార్పులు రావచ్చని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాని మీద అతి తీవ్రమైన హెచ్చరిక ముద్రించమన్నది. ఆస్తమా కూడా ఉన్నవారికి అది అవసరం కావచ్చు. ఉత్త ముక్కు అలర్జీకి మొదటి మందు కాదు. గర్భం ఉన్నా, చంటిబిడ్డకు పాలిస్తున్నా, ఏ మందుకైనా ముందు ఆ మాట డాక్టరుకు చెప్పాలి. కోతల ముందు ఆర్ఎంపీ దగ్గర ఒక్క సూది వేయించుకుంటే సీజన్ అంతా తుమ్ము రాదని ఊళ్ళలో ఒక నమ్మకం ఉంది. నిజంగానే రాదు, ఎందుకంటే అది నిల్వ ఉండే స్టెరాయిడ్ సూది. షుగరు పెరగడం, ఎముకలు గుల్లబారడం, కంటి శుక్లం వరకు దాని ధర. వేయించుకోవద్దు.

ఇప్పుడు మీ అబ్బాయి. తల్లిది సాధారణమైన అలర్జీ, పిల్లవాడిది అంతకంటే గట్టిదై ఉండవచ్చని నా అనుమానం. వేడి, పొడి వాతావరణం ఉన్న ప్రాంతాల్లో ఐదు నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లలకు, అందులోనూ మగపిల్లలకు ఎక్కువగా వచ్చే ఒక అలర్జీ కంటిజబ్బు ఉంది, దానికి వైద్యంలో వసంతకాలపు పేరు పెట్టారు. మన ఎండలకు అది వసంతంతో ఆగదు. పై రెప్పను తిప్పి చూస్తే లోపల గులకరాళ్ళు పరిచినట్టు బుడిపెలు ఉంటాయి, తీగలు సాగే పుసి వస్తుంది, వెలుతురు చూడలేరు, నల్లగుడ్డు అంచున తెల్లని చుక్కలు కనిపిస్తాయి. ముదిరితే బుడిపెల ఒరిపిడికి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. యవ్వనం వచ్చేసరికి చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. అప్పటిదాకా కంటిని కాపాడుకోవడమే పని. ఇటువంటి పిల్లలకు కంటి డాక్టరు కొద్ది రోజులు స్టెరాయిడ్ చుక్కలు రాయవచ్చు, అది తప్పు కాదు. ఒత్తిడి కొలుస్తూ, మోతాదు దించుతూ, సైక్లోస్పోరిన్ చుక్కలకో టాక్రోలిమస్ లేపనానికో మారుస్తారు. తప్పు ఎక్కడంటే, ఆ చీటీని దాచుకుని దుకాణంలో మళ్ళీ మళ్ళీ చూపించడంలో.

కొల్లాపూర్ వైపు నుంచి పద్నాలుగేళ్ళ అబ్బాయి ఒకడు ముక్కు దిబ్బడకు నా దగ్గరకు వచ్చాడు. లోపలికి వస్తూ ద్వారబంధానికి భుజం తగిలించుకున్నాడు, తిరిగి వెళ్తూ కుర్చీకి తగులుకున్నాడు. కళ్ళు తెల్లగా, ఎరుపు లేకుండా చాలా శుభ్రంగా ఉన్నాయి. రెండేళ్ళుగా కంటి దురదకు దుకాణం చుక్కలు వేస్తున్నామని తండ్రి గర్వంగానే చెప్పాడు. మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉండవలసిన కంటి ఒత్తిడి వాడికి నలభై దాటింది. పక్క చూపు చాలావరకు పోయింది, అది తిరిగి రాలేదు. స్టెరాయిడ్ వల్ల వచ్చే నీటికాసుల రోగంలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, పిల్లవాడికి నడుమ చూపు బాగానే ఉంటుంది కాబట్టి బోర్డు మీది అక్షరాలు చదువుతూనే ఉంటాడు. అందరికీ ఇలా జరగదు. కొందరి కళ్ళు మాత్రమే ఆ మందుకు ఒత్తిడి పెంచుకుంటాయి. ఎవరి కళ్ళో ముందే చెప్పే గుర్తు లేదు, కొలిస్తేనే తెలుస్తుంది.

పిల్లవాడు కళ్ళు నలుపుకోవడం కూడా తేలికగా తీసుకోవద్దు. పిడికిలితో రోజూ గట్టిగా నలిపే పిల్లల్లో నల్లగుడ్డు పలుచబడి ముందుకు కోసుగా పొడుచుకు రావచ్చు. ఆరు నెలలకోసారి అద్దాల నంబరు మారుతుంటే, ముఖ్యంగా అడ్డ నంబరు పెరుగుతుంటే, నల్లగుడ్డు ఆకారం తీసే పరీక్ష చేయించాలి. జిల్లా ఆసుపత్రిలో కుదరకపోతే హైదరాబాదులో మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది, ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ‘నలపకురా’ అని కసిరితే పిల్లవాడు మానడు. దురద ఉంది మరి. చల్లని నీటిలో ముంచి పిండిన శుభ్రమైన దస్తీని మూసిన కళ్ళ మీద ఐదు నిమిషాలు ఉంచండి, అది దురదను నిజంగా దింపుతుంది.

ఇంట్లో చేయవలసినవి కొన్ని. కల్లం నుంచి రాగానే బట్టలు బయటే విడిచి, తల మీద నుంచి స్నానం చేయాలి. తలవెంట్రుకల్లో ఉన్న దుమ్ము రాత్రి మెత్త మీదికి, అక్కడి నుంచి కంట్లోకి చేరుతుంది. పనిలో కొంగు అడ్డం పెట్టుకోవడం కంటే మూతికి సరిగా అతికే మాస్కు, కంటికి పక్కల మూసిన అద్దాలు మేలు. బొంతలు, పరుపులు ఎండలో వేయడం మన పెద్దల నుంచి వస్తున్న మంచి అలవాటే, దుమ్ము నల్లులు మన ఎండకు తట్టుకోలేవు. అయితే వాటిని దులపడం అలర్జీ ఉన్న మనిషి చేయకూడదు. ముక్కు కడుక్కోవడం మంచిదే: అరలీటరు నీటికి దాదాపు ఒక చెంచా ఉప్పు, నాలుగున్నర గ్రాములు. ఆ నీరు తప్పకుండా మరిగించి చల్లార్చినది కావాలి, బోరు నీరో కాలువ నీరో నేరుగా వాడితే అరుదుగానైనా ప్రాణాంతకమైన అమీబా మెదడుకు చేరే ప్రమాదం ఉంది. కళ్ళలో చనుబాలు పిండటం, ఆముదం వేయడం, ఆకు పసర్లు పోయడం వద్దు. అలా వేసి నల్లగుడ్డుకు పుండు తెచ్చుకున్నవారిని చూశాను.

దేనివల్ల వస్తుందో తెలుసుకునే పరీక్ష అందరికీ అవసరం లేదు; కోతల్లోనే వస్తుందని మీకు తెలిసినప్పుడు సగం పరీక్ష అయిపోయినట్టే. మందులు సరిగా వాడినా లొంగనప్పుడు చర్మం మీద సూదిమొనతో చేసే పరీక్ష చేయిస్తారు, దానికి వారం ముందు అలర్జీ మాత్రలు ఆపాలి. రక్తంలో మొత్తం ఐజీఈ ఎక్కువ ఉందని చెప్పి భయపెడితే భయపడవద్దు. కడుపులో నులిపురుగులున్నా అది పెరుగుతుంది. కారణం స్పష్టంగా దొరికితే అదే పదార్థాన్ని కొద్దికొద్దిగా శరీరానికి అలవాటు చేసే చికిత్స మూడు నుంచి ఐదేళ్ళు సాగుతుంది. అది అనుభవం ఉన్న చోటే చేయించుకోవాలి.

కన్ను నొప్పి పెట్టినా, చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, ఒక్క కన్నే ఎర్రబడినా, నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ కనిపించినా ఆగకుండా కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. తుమ్ములతోపాటు రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు ఉంటే ఛాతీ కూడా పరీక్షించుకోవాలి, ఈ రోగం ఊపిరితిత్తులకు పాకిన ఇళ్ళు చాలా ఉన్నాయి. మీ భార్యను ముక్కు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళినప్పుడు కంటి సంగతి ఆయన అడగకపోయినా మీరే చెప్పండి. అబ్బాయిని కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా వేసిన చుక్కల సీసాలు, ఖాళీవి కూడా, సంచిలో వేసుకుని వెళ్ళండి. ఏ మందు, ఎన్ని నెలలు అన్నది ఆయనకు నోటిమాట కంటే వాటి మీది అక్షరాలే స్పష్టంగా చెబుతాయి.